బందరు మాణిక్యాంబ టీచర్

అంగడి నాడు మా బాన్సువాడలో ఎండుచేపలు అమ్మేవాళ్ళు ఒక మూలన గోనెపట్టాలు పరుచుకొని కూర్చుంటారు. ఉప్పూ ఎండా నీచూ కలిసిన ఆ వాసన తగలగానే చాలామంది కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకొని గబగబా దాటిపోతారు. మొన్న నేను కూరగాయల సంచీతో అక్కడే ఆగిపోయాను. "ఏం గావాలె మేడం? రొయ్యలు మంచిగున్నయి" అని అమ్మే ఆమె రెండుసార్లు అడిగింది. నాకేమీ అక్కర్లేదు. మాణిక్యాంబ టీచర్ గుర్తుకొచ్చింది, అంతే. బాన్సువాడకు వచ్చిన కొత్తలో ఆవిడ ఇలాగే ఎండుచేపల ముందు నిలబడి, కళ్ళు మూసుకొని, గుడిలో కర్పూరం వాసన పీల్చినట్టు పీల్చి, "మా ఊళ్ళో ఉన్నట్టుంది సుజాతా" అంది. ఆవిడ ఊరు బందరు. అప్పటికి నేను సముద్రాన్ని బొమ్మల్లో తప్ప చూడలేదు. ఒక మనిషి ముఖం తన ఊరి తలపుకే అలా వెలిగిపోవడం చూసి నాకు కడుపులో మండింది. మా ఊరి పేరు చెబితే నా ముఖం ఎన్నడూ అలా వెలగలేదు.

మాణిక్యాంబ టీచర్ గురించి ఎవరైనా రాస్తే ముందు ఆవిడ మంచితనం గురించి రాస్తారు. నేను మాత్రం ఈ అసూయతోనే మొదలుపెట్టాలి. ఆవిడ మీద నాకు గౌరవం కలగడానికి చాలా ముందే అసూయ కలిగింది. గౌరవం వచ్చాక కూడా అది పోలేదు. ఇద్దరు కోడళ్ళలాగా ఆ రెండూ నాలో ఒకే ఇంట్లో సర్దుకొని బతికాయి.

తొంభైల నడుమ సంగతి. మా వాడలో ఆడవాళ్ళందరూ బీడీలు చుట్టేవాళ్ళే. మా బాపు నా చిన్నప్పుడే పోయాడు. మా అమ్మ గంగవ్వ చాట ఒళ్ళో పెట్టుకొని, తునికాకు కత్తిరించి, తంబాకు నింపి, చుట్టి చుట్టి నన్ను బీఈడీ దాకా చదివించింది. ఆ వాడ నుంచి టీచరైన మొదటి ఆడపిల్లను నేనే. ఊళ్ళో ఒక ప్రైవేటు బడిలో సోషల్ చెప్పే ఉద్యోగం వచ్చింది. పాత ధాన్యం గోదామును తడకలతో గదులుగా విడదీసి నడిపే బడి అది. పైన రేకులు. వాన పడితే పాఠం ఆగిపోయేది. అయినా తొమ్మిదో తరగతికి, పదో తరగతికి సోషల్ టీచర్ని అన్న గర్వంతో నేను నేల మీద నడిచేదాన్ని కాదు.

మరుసటి ఏడాది బడి తెరవగానే హెడ్‌మాస్టరు గారు నన్ను పిలిచి, "సుజాతా, కొత్త టీచరమ్మ వచ్చింది. మస్తు అనుభవం ఉన్నది. పెద్ద క్లాసులు ఆమెకు ఇద్దాం. నువ్వు ఆరు, ఏడు చూసుకో" అన్నాడు. చూసుకోక ఏం చేస్తాను? బయటికి వచ్చేసరికి వరండాలో ఆవిడ నిలబడి ఉంది. యాభై దాటిన మనిషి, పొట్టిగా, బొద్దుగా, నేత చీరలో. "నీ క్లాసులు నేను తీసుకున్నానటగా అమ్మాయ్! కోపంగా ఉందా?" అని నవ్వుతూ అడిగింది. "ఏం లేదు టీచర్" అన్నాను. కోపం ఉందని ఒప్పుకొని ఉంటే ఆవిడ ఏమనేదో ఇప్పటికీ ఊహకు అందదు.

ఆవిడ భర్త సుబ్బారావు గారు కోటగిరి వైపు కాలువ కింద ఒక క్యాంపులో వరి, చెరుకు పండించేవారు. నిజాంసాగర్ నీళ్ళు వచ్చినప్పటి నుంచీ కోస్తా జిల్లాల వాళ్ళు వచ్చి పొలాలు కొని కట్టుకున్న ఊళ్ళను మావైపు క్యాంపులనే అంటారు. సుబ్బారావు గారి అన్న ముందే వచ్చి స్థిరపడ్డాడు, వెనకాల వీళ్ళు వచ్చారు. పిల్లలు లేరు. రోజూ బస్సులో వచ్చి పోవడం కష్టమై, వారమంతా ఊళ్ళోనే ఉండేందుకు ఆవిడ గది వెతుక్కుంది. వెతికి వెతికి మా ఇంటి ముందుగదికే కిరాయికి వచ్చింది. మా అమ్మ నన్ను అడగకుండానే సరేనంది. బడిలో ఒక తడక, ఇంట్లో ఒక గోడ. ఆవిడకూ నాకూ మధ్య అంతకంటే దూరం లేకుండా పోయింది.

తడక సంగతి చెప్పాలి. ఆవిడ తొమ్మిదో తరగతికి చెప్పేది ఇవతల నా ఏడో తరగతికి అక్షరం అక్షరం వినబడేది. జనాభా పాఠం మొదలుపెట్టిన రోజు ఆవిడ పుస్తకం తెరవలేదు. "ఒక ఊళ్ళో జనం ఎందుకు పెరుగుతారు? ఎందుకు తగ్గుతారు? మా బందరు కథ చెబుతాను, మీరే చెప్పండి" అంది. బందరు అన్న మాటే పారసీ మాటట, రేవు అని అర్థమట. గోల్కొండ నవాబుల కాలంలో రాజ్యానికంతటికీ అదే పెద్ద రేవు. పర్షియా నుంచి గుర్రాల వర్తకులు వచ్చారు, అరబ్బులు వచ్చారు. తరవాత డచ్చివాళ్ళు వచ్చి ఉన్నచోటు వలందపాలెం అయింది, ఫ్రెంచివాళ్ళు ఉన్నచోటు పరాసుపేట అయింది, ఇంగ్లీషువాళ్ళది ఇంగ్లీషుపాలెం. తీరం దగ్గర సముద్రం లోతు తక్కువ కాబట్టి ఓడలు దూరంగా ఆగేవి, సరుకు పడవల్లో వెళ్ళేది. పడవలకు సరంగులు కావాలి, మోయడానికి కూలీలు కావాలి, బట్ట మీద అద్దకం వేసేవాళ్ళు కావాలి, లెక్కలకు కరణాలు, మాటలకు దుబాసీలు కావాలి. "అలా అంతమంది వచ్చారు. వచ్చినవాళ్ళు పెళ్ళిళ్ళు చేసుకున్నారు, గుళ్ళూ మసీదులూ చర్చీలూ కట్టుకున్నారు, చచ్చిపోయి అక్కడే మట్టిలో కలిశారు. డచ్చివాళ్ళ సమాధుల మీద నేను చిన్నప్పుడు ఎక్కి ఆడుకున్నాను" అంటూ ఉంటే అవతల చీమ చిటుక్కుమన్నా వినిపించేంత నిశ్శబ్దం.

నేను ఇవతల అక్షాంశాలు చెబుతున్నాను. నా పిల్లలంతా ఒకవైపుకు ఒరిగిపోయి కూర్చున్నారు, తడక వైపుకు. "ఇటు చూడండి!" అని బెత్తంతో బల్ల మీద కొట్టాను. ముందు బెంచీలో షబానా అనే పిల్ల, చాలా మర్యాదగల పిల్ల, చేతులు జోడించి, "మేడం, జర ఆగుండ్రి. గక్కడ ఉప్పెన వస్తుంది" అంది. నేను ఆగాను. ఏం చేయను? నేను కూడా విన్నాను. సముద్రం ఊరి మీదికి వచ్చి వేలమందిని తీసుకుపోవడం, మిగిలినవాళ్ళు మూటలు కట్టుకొని ఊరు వదిలిపోవడం, రేవుకు మేట వేయడం, ఓడలు మద్రాసుకూ కాకినాడకూ విశాఖపట్నానికీ మళ్ళిపోవడం. గంట కొట్టేసరికి షబానా కళ్ళు తుడుచుకుంటోంది. నా క్లాసులో ఏడిపించేంత పాఠం నేనెన్నడూ చెప్పలేదు.

ఇంట్లో ఇంకా అధ్వాన్నం. సాయంత్రాలు మా అరుగు మీద అమ్మా, వాడలోని మరో నలుగురైదుగురూ చాటలు పెట్టుకొని బీడీలు చుట్టేవారు. మాణిక్యాంబ టీచర్ వాళ్ళ మధ్యన పీట వేసుకొని కూర్చునేది. నేను బీఈడీ చదివి వచ్చాక ఆ అరుగు మీద కూర్చోవడం మానేశాను. ఒళ్ళంతా తంబాకు వాసన అంటుకుంటుందని లోపల కూర్చొని పేపరు చదివేదాన్ని. ఒకరోజు కిటికీలోంచి వినబడింది.

"గంగవ్వా, మీవాళ్ళు మొదట మగ్గం నేసేవాళ్ళా?"

"నేసేటోళ్ళే టీచరమ్మా. మా తాత నేసిండు. మా నాయిన నాటికి మగ్గం బందయింది. ఇగ మాకు ఆకు, తంబాకే మగ్గం."

"గోల్కొండ రాజ్యంలో నేసిన బట్ట ఎంతో మా రేవుకే వచ్చేది. అక్కణ్ణుంచి ఓడలెక్కేది. పర్షియా వెళ్ళింది, జావా వెళ్ళింది, ఇంకా అవతలికీ వెళ్ళింది."

అమ్మ చేతులు ఆగిపోయాయి. బీడీ చుట్టే మా అమ్మ చేతులు జ్వరం వచ్చినా ఆగేవి కావు. "మనోళ్ళు నేసిన బట్ట సముద్రం దాటిందా?" అని అడిగింది.

"దాటి ఉండవచ్చు గంగవ్వా. దాటలేదని నేను మాత్రం అనలేను."

నేను ఉండబట్టలేక బయటికి వచ్చాను. "అమ్మా, ఏ ఊరి బట్ట ఎక్కడికి పోయిందో ఆధారం ఉండాలె. ఊరికే అనుకుంటే చరిత్ర కాదు" అన్నాను. చదువుకున్న మాటే అన్నాను, తప్పేమీ అనలేదు. అమ్మ నావైపు చూడనైనా చూడలేదు. "నీకు ఆధారం గావాలె బిడ్డా. నాకు గా మాట చాలు" అని మళ్ళీ ఆకు అందుకుంది. మాణిక్యాంబ టీచర్ నన్ను చూసి, "సుజాత అన్నదీ నిజమే" అంది. నా పక్షాన మాట్లాడినందుకు ఆవిడ మీద ఇంకా ఒళ్ళు మండింది. మూడేళ్ళు డిగ్రీ చరిత్ర చదివి, నేను మా అమ్మతో ఆమె తాతల గురించి ఒక్క మాట మాట్లాడలేదు. ఎక్కడి నుంచో వచ్చిన మనిషి పీట వేసుకొని కూర్చొని, ఒక్క సాయంత్రంలో మా అమ్మకు ఒక సముద్రాన్ని ఇచ్చేసింది. ఆ రాత్రి అమ్మ అన్నం పెడుతూ, "జావా అంటే ఏడుంటది బిడ్డా?" అని నన్ను అడిగింది. చెప్పాను. నాకు మిగిలింది పటంలో ఆ చోటు చూపించడమే.

ఆ చలికాలం హెడ్‌మాస్టరు గారికి బడి వార్షికోత్సవానికి ఏదైనా కొత్తగా చేయాలన్న ఆలోచన వచ్చింది. పెద్ద క్లాసుల పిల్లలు బందరు మీద పటాలూ బొమ్మలూ తయారుచేసి గోడలకు పెడతామన్నారు. స్టాఫ్‌రూములో అందరూ భేష్ అన్నారు. నేను లేచి నిలబడ్డాను. "బాన్సువాడ పిల్లలకు బందరెందుకు సార్? మన ఊరికి చరిత్ర లేదా? మన దగ్గర మనుషులు లేరా?" అన్నాను. క్యాంపులవాళ్ళు, ఊరివాళ్ళు అన్న తేడా పైకి మాట్లాడకపోయినా అందరి లోపలా ఉండే రోజులవి. నా మాటలో అది కూడా అందరికీ వినబడిందని నాకు తెలుసు.

మాణిక్యాంబ టీచర్ చేతిలోని టీ గ్లాసు కింద పెట్టింది. "ఉంటుంది, ఎందుకుండదూ? నాకు తెలీదు గనక చెప్పలేదు. నువ్వు చెప్పు సుజాతా, నేను కూడా వింటాను" అంది.

అందులో వెటకారం ఉంటే బాగుండేది. లేదు. ఆవిడ నిజంగానే వినడానికి కుర్చీ ఇటు తిప్పుకుంది. నేను నోరు తెరిచాను. నిజాంసాగర్ అన్నాను, మంజీర అన్నాను, ఆగిపోయాను. పుట్టి పెరిగిన ఊరు. మా వాడవాళ్ళు ఎక్కడి నుంచి వచ్చారు? అంగడిలో మరాఠీ మాట్లాడే గిన్నెల వ్యాపారులు ఎప్పుడు వచ్చారు? మసీదు వెనక వీధివాళ్ళు ఎవరు? తండాలు ఎప్పుడు వెలిశాయి? ఒక్కదానికీ జవాబు లేదు. హెడ్‌మాస్టరు గారు జాలిపడి, "వచ్చే ఏడాదికి బాన్సువాడ మీద చేద్దాం, సుజాత చేస్తది" అన్నాడు.

చేశాను. ఆదివారాలు బస్సెక్కి, షేరు ఆటోలెక్కి, పాత సంగతులు అడుగుతూ తిరిగాను. మొదటి రెండు వారాలు ఒక్కదాన్నే వెళ్ళి ఉత్త చేతులతో వచ్చాను. మూడోవారం బయలుదేరుతుంటే ఆవిడ గొడుగు పట్టుకొని గుమ్మంలో నిలబడి ఉంది. "నేనూ రానా? మాట్లాడనులే, పక్కన కూర్చుంటాను" అంది. వద్దని ఎలా అంటాను?

ఆ రోజు పెద్ద కొడప్‌గల్‌లో ఒక పెద్ద రైతు ఇంటికి వెళ్ళాం. తరతరాలుగా అక్కడే వ్యవసాయం చేసుకుంటున్న కుటుంబం. ముసలాయన మంచం మీద కూర్చొని నన్ను పైనుంచి కిందికి చూసి, "నువ్వు ఎవల బిడ్డవు?" అన్నాడు. అమ్మ పేరూ పనీ చెప్పాను. "బీడీల గంగవ్వ బిడ్డవా? గట్లనా" అని, ఇక నాతో పని అయిపోయినట్టు ముఖం తిప్పి, "అమ్మా, మీరేడికెళ్ళి వచ్చిండ్రు?" అని ఆవిడను అడిగాడు. బందరు అంది. అంతే. ఆయన గంటన్నర మాట్లాడాడు. కాలువ తవ్వక ముందు ఏ పంట పండేదో, కరువొస్తే ఎవరు ఊరు విడిచి దేగ్లూరు వైపు పోయారో, కాలువ తవ్వడానికి ఎక్కడెక్కడి నుంచి కూలీలు వచ్చారో, పని అయిపోయాక వాళ్ళలో ఎవరు తిరిగి పోలేదో, అన్నీ ఆవిడకే చెప్పాడు. నేను పక్కన కూర్చొని రాసుకున్నాను.

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో నాకు ఏడుపొచ్చింది. "మావాళ్ళు నాకు చెప్పరు, మీకు చెప్తరు" అన్నాను. దుఃఖంలో నా మాట మా అమ్మ మాటలాగే వచ్చింది.

"నేను పరాయిదాన్ని కదా, అందుకని" అంది ఆవిడ. "నీకు తెలిసే ఉంటుందనుకుంటారు. నాకు తెలీదని వాళ్ళకు తెలుసు. మా బందరు గురించి కూడా నాకు సగం చెప్పింది ఎవరనుకున్నావ్? అక్కడివాళ్ళు కాదు. రంగూన్ నుంచి వచ్చిన ఒక ముసలి సాయిబు. ఈసారి నువ్వు కూడా తెలీనట్టే అడిగి చూడు."

"నిజంగనే తెల్వదు గద టీచర్."

"అయితే ఇంకా సులువు" అని నవ్వింది. ఆటోవాడు కూడా నవ్వాడు. నాకు నవ్వు రాలేదు గానీ ఆ మాట పట్టుకున్నాను. తరవాతి ఆదివారం మసీదు వెనక వీధిలో షబానా వాళ్ళ నానమ్మ ముందు కూర్చొని, "నాకేం తెల్వదమ్మీ, మొదటికెళ్ళి చెప్పు" అన్నాను. ఆమె నా చెయ్యి పట్టుకొని మొదటి నుంచి చెప్పింది.

కోటగిరి వైపు వెళ్ళినప్పుడు క్యాంపులో ఆవిడ ఇంట్లోనే భోజనం చేశాం. ఆవిడ వంటింట్లో ఉండగా సుబ్బారావు గారు వరండాలో నాతో అన్నారు. "ఈవిడ మీకందరికీ ఉప్పెన కథ చెబుతుందటగా? వందేళ్ళ పైబడ్డ ఉప్పెన. తను చూసింది మాత్రం ఎవరికీ చెప్పదమ్మా. మా పెళ్ళయిన కొన్నేళ్ళకు మళ్ళీ అలాంటిదే వచ్చింది. వాళ్ళమ్మా చెల్లెలూ దివి వైపు చుట్టాలింటికి వెళ్ళి ఉన్నారు. ఈవిడకు బళ్ళో పరీక్షలని వెళ్ళలేదు. మళ్ళీ దొరకలేదు వాళ్ళు." అంతలో ఆవిడ చేపల పులుసు గిన్నె తెచ్చి మా మధ్య పెట్టింది. ఆయన మాట మార్చి చెరుకు గురించి మాట్లాడసాగారు.

ఎవరైనా అయితే ఆ రోజుతో అసూయ చల్లారిపోయిందని రాస్తారు. నాది చల్లారలేదు. పైగా విచిత్రమైన మలుపు తిరిగింది. ఆవిడ తడక అవతల నిలబడి నీళ్ళు ఊరి మీదికి రావడం చెప్పినప్పుడు ఆ గొంతులో ఉన్నదేమిటో అప్పుడు తెలిసింది. తన అమ్మనూ చెల్లెల్నీ పేరెత్తకుండా, ఎప్పుడో పోయిన వేలమందిలో వాళ్ళను కలిపి ఏడ్చుకుంటోంది. అంత పెద్ద దుఃఖాన్ని దాచుకోవడానికి చాలినంత పెద్ద ఊరు ఆవిడకు ఉంది. మా బాపు పోయినప్పుడు నాకు అలాంటి చోటేదీ దొరకలేదు. దానికి కూడా ఆవిడ మీద అసూయపడ్డాను. నమ్మినా నమ్మకపోయినా ఇది నిజం.

మరుసటి వార్షికోత్సవానికి ముందు హెడ్‌మాస్టరు గారు తడకలు తీయించి క్లాసులన్నిటినీ కలిపి కూర్చోబెట్టాడు. నేను బాన్సువాడ గురించి చెప్పాను. ముందు ఎవరున్నారు, ఎవరు వచ్చారు, ఎందుకు వచ్చారు, కాలువ ఎవరిని తెచ్చింది, కరువు ఎవరిని తీసుకుపోయింది, ఇప్పుడు దుబాయికీ మస్కట్‌కూ ఎవరు పోతున్నారు. అంగడిలో ఒకే గిన్నె బేరం తెలుగులో మొదలై ఉర్దూలో నడిచి మరాఠీలో ముగియడం చెప్పినప్పుడు పిల్లలు ఘొల్లున నవ్వారు, రోజూ వినేదే కాబట్టి. మాణిక్యాంబ టీచర్ చివరి బెంచీలో షబానా పక్కన ఇరుక్కొని కూర్చుంది. చివర్లో చెయ్యెత్తింది. "టీచర్, నాదొక ప్రశ్న. క్యాంపులవాళ్ళను కూడా ఈ ఊరివాళ్ళ కింద లెక్కవేస్తారా?"

గదిలో అందరూ నావైపు చూశారు. ఏడాది క్రితం స్టాఫ్‌రూములో నేనన్న మాటకు అది జవాబో, నిజంగా ప్రశ్నేనో నాకు తెలియలేదు. "ఇక్కడి నీళ్ళు తాగి, ఇక్కడి పిల్లలకు చదువు చెప్పేవాళ్ళను లెక్కవేయకపోతే లెక్క తప్పుతుంది టీచర్" అన్నాను. ఆవిడ తల ఊపి, బుద్ధిమంతురాలైన విద్యార్థినిలా చేతులు కట్టుకుంది.

ఆ వేసవి తరవాత తొమ్మిదో తరగతి మళ్ళీ నాకు వచ్చింది. సంబరపడి స్వీట్లు కూడా పంచాను. వారం తరవాత తెలిసింది, ఆవిడే హెడ్‌మాస్టరును అడిగి ఇప్పించిందని. ఇంటికి వెళ్ళి నిలదీశాను. "నాకు దానం వద్దు టీచర్."

"దానమేంటే? రేకుల కింద అరవలేక నా గొంతు పోతోంది" అంది. ఆ తరవాత ఎన్నో ఏళ్ళు ఆవిడ గొంతు ఖంగుమంటూనే ఉంది. నా గెలుపు కూడా ఆవిడ చేతి మీదుగానే రావాలా అని నేను రెండు రోజులు మాట్లాడలేదు. అమ్మే కలిపింది, ఇద్దరికీ ఒకే పళ్ళెంలో సర్వపిండి పెట్టి.

రెండు వేల సంవత్సరం దాటాక వరసగా కొన్నేళ్ళు నిజాంసాగర్‌లో నీళ్ళు అడుగంటాయి. కాలువలు ఎండిపోయాయి, చెరుకు పోయింది. సుబ్బారావు గారు ఓపికపట్టి పట్టి చివరికి పొలం అమ్మేశారు. బందరు వెళ్ళిపోతామన్నారు. బస్టాండులో వీడ్కోలు చెప్పడానికి మా వాడ ఆడవాళ్ళంతా వచ్చారు. అమ్మ ఆవిడ రెండు చేతులూ పట్టుకొని, "టీచరమ్మా, నీ సముద్రం కాడికి పోతున్నవు. మమ్ముల మరువకు" అంది. ఆవిడ అమ్మ భుజం మీద తల పెట్టి ఏడ్చింది. నన్ను మాత్రం బస్సు కిటికీలోంచి చూసి, "ఇక నీకు పోటీ లేదుగా, హాయిగా ఉండు" అంది. ఆవిడకు మొదటి నుంచీ అన్నీ తెలుసన్నమాట. బస్సు వెళ్ళిపోయాక బడిలో ఎంత చప్పగా ఉండిందో చెప్పలేను. అసూయపడడానికి ఎవరూ లేని బడిలో పాఠం చెప్పడం కష్టం.

ఆ దశాబ్దం చివర్లో మా ఆయన పని మీద విజయవాడ వెళ్తుంటే నేనూ బయలుదేరి, అక్కణ్ణుంచి బస్సులో ఒక్కదాన్నే బందరు వెళ్ళాను. ఆవిడ బస్టాండుకు వచ్చింది. బాగా వంగిపోయింది. రిక్షాలో ఊరంతా తిప్పింది. వలందపాలెం చూశాను, పరాసుపేట చూశాను. డచ్చివాళ్ళ సమాధులు చూశాను. రేవు చూశాను. మత్స్యకారుల పడవలు కొన్ని, వలలు ఆరబెట్టుకునే వాళ్ళు కొందరు, దూరంగా నీళ్ళు. పర్షియా గుర్రాల కోసం, దుబాసీల కోసం నా కళ్ళు వెతికాయి. మా బాన్సువాడలాగే రోడ్లు, మిర్చి బజ్జీల బండ్లు, సెల్‌ఫోన్ల దుకాణాలు. ఇంతేనా అనుకున్నాను. ఇన్నేళ్ళు దీని మీదనా నేను కుళ్ళుకున్నది అని లోపల ఒక చిన్న సంతోషం. దాన్ని ఆవిడకు కనబడకుండా దాచుకున్నాను.

సాయంత్రం ఆవిడ ఇంటి వరండాలో చుట్టుపక్కల పిల్లలు పది పన్నెండుమంది చాపల మీద కూర్చొని ఉన్నారు. "మన ఊరికి చుట్టం వచ్చింది, బాన్సువాడ నుంచి" అందావిడ. ఆ మాట అనగానే పిల్లలు పుస్తకాలు వదిలేసి నా చుట్టూ మూగారు.

"బాన్సువాడా? ఎండిపోయిన కాలువలోకి నీళ్ళు వదిలితే, నీళ్ళ కంటే ముందు మట్టి వాసనతో గాలి వస్తుందటగా? మీరు చూశారా అండీ?"

"అక్కడ ఒకే బేరం మూడు భాషల్లో ఆడతారటగా? ఆడి చూపించరా?"

రెండు జడలమ్మాయి ఒకతి అందరినీ తోసుకొని ముందుకొచ్చింది. "మీరు గంగవ్వ గారి అమ్మాయా? వాళ్ళ తాతగారు నేసిన బట్టలు మా రేవు నుంచే వెళ్ళి ఉంటాయంట. గంగవ్వ గారు ఇంకా బీడీలు చుడుతున్నారా? ఆవిడ చేతులు అసలు ఆగవంట కదా!"

కాలువలో నీళ్ళ కంటే ముందు వచ్చే గాలి! పుట్టినప్పటి నుంచీ కాలువ పక్కన తిరిగినదాన్ని, ఆ గాలిని నేనెన్నడూ గమనించలేదు. సముద్రం పక్కన పుట్టిన ఆ పిల్లలు కాలువ ఉన్న ఊరు మీద నోరూరినట్టు మాట్లాడుతున్నారు. వాళ్ళ కళ్ళలో ఉన్నదేమిటో నాకు బాగా తెలుసు. తడక ఇవతల కూర్చొని ఎన్నేళ్ళు మోశానో అదే. వాళ్ళ బాన్సువాడకు ఒకసారి వెళ్ళి రావాలని నాకే అనిపించింది. ఆవిడ గుమ్మానికి ఆనుకొని నిలబడి, నా ముఖం చూసి, "ఏం సుజాతా, తప్పులేమైనా చెప్పానా?" అంది.

"లేదు టీచర్" అన్నాను. "నాకంటే బాగ చెప్పిండ్రు."

ఇంటికి వచ్చి అమ్మకు చెప్పాను. బందరులో పిల్లలకు నీ పేరు తెలుసమ్మా అన్నాను. "నేనెన్నడు పోని ఊర్ల నా పేరున్నదా?" అని, అమ్మ కొంచెం సిగ్గుపడి, కొంగుతో ముఖం తుడుచుకుంది. ఆ తరవాత రెండేళ్ళకు మాణిక్యాంబ టీచర్ పోయింది. సుబ్బారావు గారు ఫోన్ చేశారు. అమ్మ ఆ రోజు బీడీలు చుట్టలేదు. అరుగు మీద కూర్చున్న ఆడవాళ్ళు కూడా చాటలు పక్కన పెట్టారు.

ఇప్పుడు నేను పెద్ద టీచర్ని. నీళ్ళు వదిలే ముందు పిల్లలను కాలువ గట్టు మీదికి తీసుకుపోయి నిలబెడతాను. గాలి వస్తుంది, నిజంగానే మట్టి వాసనతో వస్తుంది. పాత విద్యార్థులు, వాళ్ళ పిల్లలు, ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు, "మేడం, గివన్నీ మీకెట్ల తెల్సినయి?" అని. ఆవిడ పేరు చెప్పే ముందు ఇన్నేళ్ళ తరవాత కూడా నా నోరు ఒక్క క్షణం ఆగుతుంది. నేనే కనుక్కున్నానని చెబితే నమ్ముతారు, కాదని చెప్పేవాళ్ళెవరూ మిగల్లేదు. ఆ ఒక్క క్షణం నాకు ఆవిడ మీద బాగా కోపం వస్తుంది. ఆ తరవాత, బందరు మాణిక్యాంబ టీచర్ చెప్పింది అంటాను.